త్రాసు చెప్పని సంగతి

తిరుమల ఆలయములో తులాభారము చూడనివారు మన ప్రాంతమున అరుదు. ఒక తట్టలో బిడ్డ, రెండవ తట్టలో బెల్లము. ముల్లు నిలువగానే తూకము సరిపోయినదందుము. కాని త్రాసు చెప్పునది బరువును మాత్రమే. తట్టలోనున్నది ఎట్టిదో అది చెప్పజాలదు. స్త్రీల బాక్సింగు క్రీడలో నేడు తలెత్తిన చిక్కుప్రశ్న ఇట్టిదే.

ముందుగా దెబ్బ సంగతి చూతము. కదలుచున్న వస్తువు గతిశక్తి, దాని ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించిన వచ్చును. అనగా పిడికిలి వేగము రెట్టింపైన, అది మోసికొనివచ్చు శక్తి నాలుగింతలగును. దెబ్బ తగిలినంతనే తల చటుక్కున తిరుగును. లోపలి మెదడు మెలిపడి గాయపడును. పరుగుపందెమున బలవంతుని చేతిలో ప్రత్యర్థి ఓడిపోవును, అంతే. బాక్సింగులోనో, ఆ బలమును ప్రత్యర్థి దేహమే భరింపవలెను. కావున ఇచ్చట న్యాయము, క్షేమము విడదీయరానివి.

బరువు తరగతులు ఏర్పడినది ఇందుకే. నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులో 52 కిలోల తరగతిలోను, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల తరగతిలోను ప్రపంచ విజేత అయ్యెను. 2024 పారిస్ ఒలింపిక్సులో స్త్రీలకు 50 కిలోల తరువాతి తరగతి 54. నడుమ 52 లేదు. కావున ఆమె 50 కిలోలలోనే పోటీచేసెను. రెండు కిలోలకే ఇంత పట్టింపు!

మరి బరువు సమానమైనచో స్త్రీపురుషులు సరిజోడు అగుదురా? కారు. యౌవనారంభమున వృషణములనుండి విరివిగా స్రవించు టెస్టోస్టెరోను అను హార్మోను పురుషుని ఎముకలను, కండరములను, ముఖ్యముగా భుజబలమును పెంచును. 2020లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గ్రుద్దును పోలిన చేతికదలికను కొలిచి, పురుషుల సగటు సామర్థ్యము స్త్రీల సగటుకు రెండున్నర రెట్లకు మించియున్నదని కనుగొనిరి. ఇందు దేహపరిమాణపు పాలు కొంత ఉన్నను, అదియొక్కటే కారణము కాదు.

అందువలన స్త్రీలకు వేరు విభాగము అవసరము. అందు పాల్గొనుటకు అర్హులెవరు? వరల్డ్ బాక్సింగ్ సంస్థ 2025 ఆగస్టులో ఒక నిబంధన ప్రకటించెను: పదునెనిమిదేండ్లు దాటిన బాక్సర్లు ఒకసారి జన్యుపరీక్ష చేయించుకొనవలెను. లాలాజలమునుండిగాని, రక్తమునుండిగాని తీసిన కణములలో ఎస్.ఆర్.వై. అను జన్యువు ఉన్నదా యని చూతురు. 1990లో గుర్తింపబడిన ఈ జన్యువు సాధారణముగా వై క్రోమోసోముపై నుండి, పిండదశలో వృషణములు ఏర్పడుటకు ఆజ్ఞ యిచ్చును. 2025 సెప్టెంబరులో లివర్‌పూలులో జరిగిన ప్రపంచ పోటీలలో 51 కిలోల తరగతిలో దిగిన నిఖత్‌కు కూడ ఇదే నిబంధన వర్తించెను.

అయితే మీట నొక్కినంతమాత్రమున దీపము వెలిగితీరునా? తీగ తెగియుండవచ్చును గదా! కొందరి దేహములో ఈ జన్యువు, టెస్టోస్టెరోను రెండునూ ఉన్నను, కణములు ఆ హార్మోనును గ్రహింపలేవు. అట్టివారు పూర్తిగా స్త్రీరూపముననే పెరుగుదురు. ఆ హార్మోను వలని బలము వారికి చేకూరదు. 1996 అట్లాంటా ఒలింపిక్సులో 3,387 మంది స్త్రీలను పరీక్షింపగా ఎనిమిది మందిలో ఈ జన్యువు కనబడెను. వారిలో ఏడుగురు హార్మోనును పూర్తిగానో, కొంతవరకో గ్రహింపలేనివారే. ఎనిమిది మందిని కూడ పోటీకి అనుమతించిరి. కావుననే కొత్త నిబంధనయందును పురుష హార్మోను ప్రభావము పనిచేయనివారికి స్త్రీల విభాగమున చోటు కలదు; అప్పీలుకు అవకాశమును కలదు. జన్యుపరీక్ష విచారణకు మొదలే గాని తీర్పు కాదు.

పరీక్ష నెట్లు జరుపుదురనునదియు ముఖ్యమే. మన పొరుగున తమిళనాడుకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడలలో 800 మీటర్ల పరుగున రజతము గెలిచెను. లింగపరీక్ష పిమ్మట పతకము పోయెను. రహస్యముగా నుండవలసిన సంగతి లోకమంతట వార్త యయ్యెను. పుట్టుకతో వచ్చిన దేహలక్షణము మోసము కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయము చెప్పునపుడు రెండు తట్టలను చూపవలెను: ఒకదానిలో దెబ్బతినబోవు బాలిక క్షేమము, రెండవదానిలో పరీక్షకు నిలిచిన బాలిక గౌరవము. దేనిని తీసివేసినను తూకము తప్పును.