రేడియేటర్‌ను ఎంత వదులుగా పట్టుకోవాలి?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్ పట్టణంలో జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 దాకా జీఎంసీ మోటార్‌హోమ్ అనే బండిని తయారు చేసింది. పడకలు, వంటగట్టు, స్నానాల గది అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అది. ఆ రోజుల్లో మోటార్‌హోమ్ అమ్మేవాళ్లు చాలామంది ఎవరిదో లారీ ఛాసిస్ కొని, దానిమీద పెట్టెలాంటి గది బిగించేవాళ్లు. జనరల్ మోటార్స్ మాత్రం ఛాసిస్ నుంచి పైకప్పు దాకా అంతా తానే గీసి కట్టింది. ఓల్డ్స్‌మొబీల్ టోరొనాడో కారులోని వీ8 ఇంజన్‌ను, దాని గేర్‌బాక్స్‌ను ఉన్నవున్నట్టు తెచ్చి ముందు పెట్టింది. 455 ఘనపు అంగుళాల ఇంజన్ అది, అంటే దాదాపు 7.5 లీటర్లు. ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. వెనక్కి షాఫ్ట్ పోనక్కర్లేదు కాబట్టి ఇంటి నేల రోడ్డుకు బాగా దగ్గరగా దిగింది. 1977లో ఇంజన్ 6.6 లీటర్లకు తగ్గింది, మరుసటి ఏడాది తయారీయే ఆగిపోయింది. మొత్తం కట్టినవి సుమారు 13 వేలు. 1981లో వచ్చిన ‘స్ట్రైప్స్’ అనే హాస్య చిత్రంలో సైన్యం రహస్య వాహనంగా కనిపించేది ఈ బండే.

అర్ధ శతాబ్దం దాటినా వీటిలో చాలా బళ్లు ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. కంపెనీ చేతులెత్తేసి చాలాకాలమైంది కనక, యజమానులే పానా పట్టుకుని కిందికి దూరుతుంటారు. ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్ గాలి తిత్తులు అందరి కంటా పడతాయి. ముందు జాలీ వెనక నిలబడి ఉండే రేడియేటర్‌ను ఏది పట్టుకుని ఉందో మాత్రం అది కారడం మొదలయ్యేదాకా ఎవరూ చూడరు. కారడం మొదలయ్యాక చాలామంది చేసే పని రేడియేటర్ మార్చి, కొత్తదాన్ని కదలకుండా గట్టిగా బిగించడం. నా లెక్కలో అది కొత్త రేడియేటర్‌ను కూడా పాత దారిలోనే పంపించడం. రేడియేటర్ మౌంట్ పని దాన్ని కదలనివ్వకపోవడం కాదు. ఎంత కదలాలో అంతే కదలనివ్వడం.

ఇది అర్థం కావాలంటే రేడియేటర్ శరీరం ఎలాంటిదో తెలియాలి. ఆనాటి రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసింది. రెండు చివర్లా ఇత్తడి ట్యాంకులు, వాటి మధ్య కాగితమంత పల్చటి గోడలున్న గొట్టాలు, గొట్టాల మధ్య రాగి రేకు మడతలు. ఇవన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నది సీసం, తగరం కలిసిన టంకంతోనే. టంకం మెత్తటి లోహం. ఒత్తిడిని కొంత ఓర్చుకుంటుంది గాని, పదేపదే అటూఇటూ వంచితే అలసిపోతుంది. గొట్టం ట్యాంకు పలకలోకి దూరే చోట మొదటి బీట పడుతుంది.

ఆ వంపు ఎక్కడినుంచి వస్తుంది? మూడు దారులున్నాయి. మొదటిది ఛాసిస్. సామానుతో కలిపి 5 టన్నులు దాటే బండి, ఒక ముందు చక్రం గుంటలో దిగితే ఛాసిస్ మెలితిరుగుతుంది. ఇనుప చట్రానికి ఆ మెలిక ఒక లెక్క కాదు. రేడియేటర్ నాలుగు మూలలా దానికే బిగిసి ఉంటే, ఆ మెలికంతా టంకం మీద పడుతుంది.

రెండోది వేడి. లోహాలన్నీ ఒకే కొలతలో సాగవు. మీటరు పొడవున్న ఉక్కు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కూ సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరిగితే, రాగి, ఇత్తడి 0.017 నుంచి 0.019 దాకా పెరుగుతాయి, అల్యూమినియం 0.023. చలి ఉదయం 15 డిగ్రీల దగ్గర ఉన్న రేడియేటర్ కొండ ఎక్కేసరికి 90కి చేరుతుంది. 70 సెంటీమీటర్ల వెడల్పున్న ఇత్తడి రేడియేటర్ ఆపాటికి మిల్లీమీటరుకు దగ్గరగా పెరుగుతుంది. దాన్ని పట్టుకున్న ఉక్కు చట్రం గాలి తగులుతూ అంత వేడెక్కదు, అంత సాగదు. పాతది తీసేసి అల్యూమినియం రేడియేటర్ వేసుకున్నవాళ్లకు ఈ పెరుగుదల 1.2 మిల్లీమీటర్ల దాకా పోతుంది. చూడ్డానికి చిన్నదే. కానీ బండి వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ జరిగే కథ ఇది.

మూడోది ఇంజన్ ప్రకంపన. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఆగి చూడదగ్గ లెక్క. స్ప్రింగ్ మీద కూర్చున్న ఏ బరువుకైనా తనదైన ఊగే వేగం ఉంటుంది. దాన్ని కనుక్కోవడానికి సులువైన మార్గం, ఆ బరువు వల్ల స్ప్రింగ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూడటం. ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 15.8ని భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. నీళ్లతో నిండిన రేడియేటర్ తన రబ్బరు ప్యాడ్లను 2 మిల్లీమీటర్లు కుంగదీసిందనుకుందాం. దాని సహజ వేగం సెకనుకు 11. వీ8 ఇంజన్ నిమిషానికి 600 చుట్ల మీద నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు సెకనుకు 40 పేలుళ్లు జరుగుతాయి. 11కీ 40కీ మధ్య దూరం చాలా ఉంది కనక, చట్రంలోకి వచ్చిన ఆ కుదుపులో 8 శాతమే రేడియేటర్‌కు చేరుతుంది. రబ్బరు మిగిలినదాన్ని తనలోనే ఉంచుకుంటుంది.

అదే ప్యాడ్ ఎండిపోయి బిరుసెక్కి, అదే బరువుకు పావు మిల్లీమీటరే కుంగిందనుకోండి. సహజ వేగం 31కి పెరిగి, 40కి చేరువగా వచ్చింది. రబ్బరులో జరిగే కాస్త నష్టాన్ని పక్కన పెడితే, ఇప్పుడు రేడియేటర్‌కు చేరే కుదుపు చట్రంలో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంటే మధ్యలో రబ్బరు ఉండీ లేనట్టు కాదు, లేకపోవడం కంటే అధ్వానమైన స్థితి. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడల్లా రేడియేటర్ వణుకుతుంటే పరీక్షించాల్సింది ముందు ఆ ప్యాడ్లను.

రబ్బరుకు ఈ గతి ఎందుకు పడుతుంది? 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి కాల్చి రబ్బరును మన్నికగా మార్చాడు. పొడవాటి అణువుల మధ్య గంధకం వంతెనలు కట్టింది. ఆ వంతెనల సంఖ్య తగినంత ఉంటే రబ్బరు సాగి తిరిగి వస్తుంది, మరీ ఎక్కువైతే రాయవుతుంది. రేడియేటర్ కింద ఏళ్ల తరబడి వేడిలో నలిగే రబ్బరులో కొత్త వంతెనలు పడుతూనే ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని పైనుంచి కొరుకుతాయి. ఇలాంటి మార్పుల వేగం ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. గ్యారేజీలో నీడన పడున్న రబ్బరుకూ, 80 డిగ్రీల పక్కన బతికే రబ్బరుకూ వయసు ఒకటి కాదన్నమాట. వేలిగోరుతో నొక్కి చూడండి. గోరు ముద్ర పడి మాయమైతే ఇంకా ప్రాణం ఉంది. గోరు జారిపోతే, లేదా అంచున సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే.

మార్చేటప్పుడు ఏ రబ్బరు వేస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఈపీడీఎం అనే రబ్బరు వేడికి, ఓజోన్‌కు, కూలెంట్‌కు బాగా తట్టుకుంటుంది, ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్‌కు ఆయిల్ అంటే భయం లేదు, ఓజోన్‌కు తట్టుకోలేదు. నియోప్రీన్ రెంటికీ మధ్యస్తం. ఆయిల్ ఓడే ఇంజన్ కాకపోతే నేనైతే ఈపీడీఎం వైపే మొగ్గుతాను. కాఠిన్యం షోర్ ఏ కొలతలో 50, 60 మధ్య ఉంటే చాలు. పాత టైరు కోసి పెట్టడం మన ఆటోనగర్లలోనూ తెలిసిన ఉపాయమే. అవసరానికి ఊరు చేరుస్తుంది. కానీ టైరులో నూలో తీగో పొరలుంటాయి, అవి రబ్బరును సాగనివ్వవు. ఊరు చేరాక తీసేయాలి.

రబ్బరు గురించి చాలామందికి తోచని సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని నొక్కవచ్చు గాని, దాని ఘనపరిమాణాన్ని తగ్గించలేం. చపాతీ పిండి ముద్దను అరచేత్తో అదిమితే పక్కలకు పాకుతుంది చూడండి, రబ్బరూ అంతే. పక్కలకు పోవడానికి చోటుంటేనే కిందికి కుంగుతుంది. ఇనుప గాడిలో సందు లేకుండా దిగగొట్టిన రబ్బరు ఎంత మెత్తటిదైనా ఇనుములాగే ప్రవర్తిస్తుంది. వెడల్పుగా పల్చగా ఉన్న ప్యాడ్ కంటే అంతే రబ్బరుతో చేసిన ఇరుకైన మందపాటి ప్యాడ్ మెత్తగా పనిచేసేది కూడా ఇందుకే. కాబట్టి చేత్తో కోసుకునే ప్యాడ్ గాడి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. సరిగ్గా అతికినట్టు కోయడం చూపుకు బాగుంటుంది, అంతే.

ఇక పని. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తిప్పాలి. ఒత్తిడి మూత ఉన్న వ్యవస్థలో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి వస్తాయి. కూలెంట్‌ను శుభ్రమైన గిన్నెలోకి దించి పక్కన పెట్టాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, తాగిన కుక్క బతకడం కష్టం. ఏదైనా విప్పేముందు ఫ్యాన్ రెక్కకూ రేడియేటర్‌కూ మధ్య దూరాన్ని పైన, కింద, రెండు పక్కలా కొలిచి రాసుకోండి. పై దూరం కిందిదాని కంటే తక్కువైతే రేడియేటర్ వెనక్కి వాలిందని అర్థం. ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు రేడియేటర్‌కు బిగిసి ఉంటుంది, ఫ్యాన్ ఇంజన్ మీద ఉంటుంది. ఇంజన్‌కు తన రబ్బరు మౌంట్లు వేరు, గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే అది పక్కకు ఒరుగుతుంది. ఈ రెండు కదలికలకూ చోటు మిగలాలి. రేడియేటర్ రెండు సెంటీమీటర్లు కుంగిన బండిలో రెక్క తొడుగును గీరిన గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ గొట్టాలను మరవొద్దు. ఆ ఆయిల్ రేడియేటర్ ట్యాంకు లోపల ఉన్న చిన్న కూలర్ గుండా పోయి చల్లబడుతుంది. గొట్టాలు ఉక్కువి. రేడియేటర్ కుంగితే అవి ఇత్తడి మరను పక్కకు లాగుతాయి. మర దగ్గర బీట వేస్తే ఆయిల్ బయట కారుతుంది. లోపలి కూలరే చీలితే నీళ్లు గేర్‌బాక్స్‌లోకి పోయి ఆయిల్ పాలు కలిపిన గులాబీ రంగుకు మారుతుంది. అప్పుడు ఖర్చు రేడియేటర్‌తో ఆగదు.

కింద జాకీ పెట్టి, మధ్యలో వెడల్పాటి చెక్క ఉంచి, బరువును ఎత్తిపట్టాకే పై బ్రాకెట్లు విప్పాలి. బరువు మోసేవి కింది గాడులు, పై బ్రాకెట్ల పని పడిపోకుండా పట్టుకోవడం మాత్రమే. పైవాటిని కిందికి లాగి బిగించి రేడియేటర్‌ను నొక్కిపెడితే, మనం చెప్పుకున్న సాగుదలకు దారి మూసినట్టే. బోల్ట్ పోయే రబ్బరు బుష్ మధ్యలో ఇనుప స్లీవ్ ఉంటుంది. బోల్ట్ బిగింపు ఆ స్లీవ్ మీద పడి ఆగాలి, రబ్బరు స్వేచ్ఛగా ఉండాలి. తుప్పుకు స్లీవ్ పోయిందని వాషర్ వేసి లాగిస్తే రబ్బరు నలిగి రెండు వేసవులకే రాలిపోతుంది. స్లీవ్ దొరక్కపోతే సరైన పొడవుకు ఇనుప గొట్టం కోసుకోవచ్చు.

కింది గాడి రేకు చీలి ఉంటే, చీలిక చివరి కొన దగ్గర 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. పదునైన కొన దగ్గర గుమిగూడే ఒత్తిడి గుండ్రటి అంచు మీద పరుచుకుంటుంది, చీలిక ముందుకు సాగడం తగ్గుతుంది. ఆపైన దళసరి రేకు వేసి బోల్టులతో బిగించాలి. రేడియేటర్ బండిలో ఉండగా అక్కడ వెల్డింగ్ చేయకూడదు. సీసం, తగరం టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, వెల్డింగ్ నిప్పుకు వేల డిగ్రీలు. బండి మీద వెల్డింగ్ తప్పనిసరైతే రేడియేటర్ దించి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి మొదలుపెట్టాలి. అల్యూమినియం రేడియేటర్ అయితే ఉక్కు రేకు దానికి నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు ఉంచాలి. తడి ఉప్పు రోడ్ల మీద ఆ రెండు లోహాలూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియాన్ని తినేసి తెల్లటి పొడి చేస్తుంది. మంచు కరగడానికి ఉప్పు చల్లే అమెరికా ఉత్తర రాష్ట్రాల బళ్లలో ఈ పొడి చాలా మామూలు.

అంతా బిగించాక రెండు చేతులతో రేడియేటర్ పై అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు కదిలి వెనక్కి వస్తే సరిపోయింది. గోడలా నిలబడితే ఎక్కడో బిగువు ఎక్కువైంది. టకటకమంటే లోహం లోహానికి తగులుతోంది. మొదటి దూర ప్రయాణం తర్వాత ఫ్యాన్ దూరాలు మళ్లీ కొలిచి పాత అంకెల పక్కన రాయండి, కొత్త రబ్బరు మొదట్లో కొంచెం దిగుతుంది. ఇంత చేసినా గొట్టం, ట్యాంకు పలక కలిసే చోట ఆకుపచ్చ మరక కనిపిస్తే మాత్రం టంకం కర్ర చేతిలోకి తీసుకోవద్దు. ఒక అతుకును వేడి చేస్తే పక్క అతుకు ఊడుతుంది. అది రేడియేటర్ పనివాడి దగ్గరికి పంపాల్సిన రోగం.