కొట్టదగిన బంతి

మనదేశంలో క్రికెట్ ఎటువంటిదో, అమెరికాలో బేస్‌బాల్ అటువంటిది. రెండింటిలోనూ ఒకడు బంతి విసురుతాడు, మరొకడు కొడతాడు. అయితే బేస్‌బాల్‌లో బంతి నేలను తాకకుండా గాలిలోనే రావాలి. విసిరేవాణ్ణి పిచర్ అనీ, కొట్టేవాణ్ణి హిట్టర్ అనీ అంటారు.

పిల్లలూ, ఈ ఇద్దరిలో ఎవరి పని కష్టమో చెప్పగలరా? ఒక చిన్న లెక్క చూడండి. పిచర్ నిలబడే చోటుకూ, హిట్టర్ ముందుండే పలకకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి సుమారు 0.4 సెకండులో వచ్చి పడుతుంది. అందులో బ్యాటు తిప్పడానికే సుమారు 0.15 సెకండు పోతుంది. మిగిలిన పావు సెకండులో బంతిని చూడాలి, అది ఎక్కడికి వస్తుందో గ్రహించాలి, కొట్టాలో మానాలో తేల్చుకోవాలి! అందుకే పదిసార్లలో మూడుసార్లు సరిగా కొట్టగలవాణ్ణి అక్కడ గొప్ప ఆటగాడంటారు.

పైగా పిచర్ బంతిని తిన్నగా విసరడు. వేళ్ళతో బాగా తిప్పి వదులుతాడు. గిర్రున తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని ఒక పక్కకు నెడుతుంది. గాలి బంతిని రెండో పక్కకు నెడుతుంది. అందువల్ల బంతి దారి వంగుతుంది. బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరిగితే కిందికి దిగుతుంది. దీన్ని కర్వ్ బాల్ అంటారు. నడుము ఎత్తున వస్తుందనుకున్న బంతి మోకాళ్ళ దగ్గరికి దిగిపోతుంది. హిట్టర్ గాలిని కొడతాడు.

కాని పిచర్ కూడా మనిషే కదా! వేళ్ళు రవంత జారితే చాలు, తిరుగుడు తగ్గుతుంది. బంతి దిగవలసినంత దిగదు. కొట్టమన్నట్టుగా నడిమధ్యకు వస్తుంది. నేర్పరి అయిన హిట్టర్ కాచుకుని ఉండేది సరిగ్గా ఈ బంతి కోసమే.

ఇలా కాచుకోవడంలో టెడ్ విలియమ్స్ అనే ఆటగాణ్ణి మించినవారు అరుదు. 1938లో ఆయన ఇంకా కుర్రవాడు. అప్పుడు రోజర్స్ హార్న్స్‌బీ అనే పెద్ద ఆటగాడు ఆయనకు ఒక సలహా ఇచ్చాడు: కొట్టడానికి అనువైన బంతినే ఎంచుకోమన్నాడు. విలియమ్స్ ఆ మాట ఎన్నడూ మరవలేదు. తరువాత తాను రాసిన పుస్తకంలో, హిట్టర్ ముందుండే చోటును అడ్డంగా 7, నిలువుగా 11, మొత్తం 77 బంతులుగా విభజించి బొమ్మ వేయించాడు. నడుమ వచ్చే బంతులను పదింట నాలుగుసార్లు కొట్టగలననీ, దూరంగా, కిందుగా వచ్చేవాటిని పదింట రెండుసార్లకు కొంచెం పైగా మాత్రమే కొట్టగలననీ లెక్క చూపాడు. మనిషి అతడే, బ్యాటు అదే. తేడా అంతా ఎంపికలో ఉన్నది!

హద్దు బయట పడే బంతులను ఆయన ముట్టేవాడు కాదు. అలాంటివి నాలుగు పడితే హిట్టర్ ఊరికే మొదటి బేస్‌కు వెళ్ళవచ్చు. 1941లో ఆయన అలా నూరుసార్లకు పైగా వెళ్ళాడు. ఆ నడకలు లెక్కలోకి రావు. అవి పోగా మిగిలిన 456 అవకాశాలలో 185సార్లు జయప్రదంగా కొట్టాడు.

పొరపాటు ఎంత ఖరీదైనదో 1960 అక్టోబరు 13న పిట్స్‌బర్గ్‌లో తెలిసివచ్చింది. అది వరల్డ్ సిరీస్‌లో ఆఖరి ఆట. పిట్స్‌బర్గ్‌కు 9 పరుగులు, న్యూయార్క్ యాంకీస్‌కు 9 పరుగులు. పిచర్ రాల్ఫ్ టెర్రీ; హిట్టర్ బిల్ మజరాస్కీ. మొదటి బంతి ఎత్తుగా పోయింది. కిందికి వెయ్యమని క్యాచర్ హెచ్చరించాడు. కాని రెండో బంతి కూడా టెర్రీ అనుకున్నంత కిందికి దిగలేదు. మజరాస్కీ దాన్ని వదలలేదు. బంతి గోడ దాటింది. పిట్స్‌బర్గ్ గెలిచింది!

పాపం, టెర్రీ సంగతి ఏమైంది? అతడు బంతి విసరడం మానుకోలేదు. రెండేళ్ళు గడిచాయి. 1962 అక్టోబరు 16న శాన్‌ఫ్రాన్సిస్కోలో మళ్ళీ వరల్డ్ సిరీస్ ఆఖరి ఆట. మళ్ళీ ఆఖరి ఘట్టం. యాంకీస్‌కు 1 పరుగు, ఎదుటివారికి సున్న. కాని వారి మనుషులు రెండో బేస్ మీదా, మూడో బేస్ మీదా సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే ఆట ముగుస్తుంది. విల్లీ మెకోవీ బంతిని బలంగా కొట్టాడు. అది సూటిగా బాబీ రిచర్డ్‌సన్ చేతుల్లో పడింది. యాంకీస్ గెలిచారు. ఆ సిరీస్‌లో అందరికన్నా మేటి ఆటగాడనే బహుమానం టెర్రీకే దక్కింది.

హిట్టర్‌కు కావలసింది ఓపిక. పొరపాటు చేసిన పిచర్‌కు కావలసింది, మళ్ళీ బంతి చేతికి తీసుకునే ధైర్యం.