రెండు వన్నెల ఉన్ని అల్లిక

మగ్గము మీద పడుగును పేకయు కలిసి బట్ట యగుట మీరెఱిగినదే. ఉన్ని అల్లిక యట్టిది కాదు. అందు ఒకే దారము ఉచ్చులో నుచ్చుగా దూరి వస్త్రమగును. అట్టి అల్లికలో రెండు వన్నెల దారములను ఒక్క వరుసలోనే నడుపు విధమును నేడు ముచ్చటింతము.

స్కాట్లండునకు ఉత్తరమున షెట్లండు దీవులు కలవు. అచ్చట చెట్లు తక్కువ, చలిగాలి మెండు. ఆ దీవులకు దక్షిణముగా నున్న ఫెయిర్ ఐల్ అను చిన్న ద్వీపము పేరనే ఈ అల్లిక ప్రసిద్ధి కెక్కినది. 1921, 1922 ప్రాంతమున వేల్సు యువరాజు, అనగా తరువాత ఎనిమిదవ ఎడ్వర్డు రాజైన యతడు, ఇట్టి స్వెట్టరును ధరించి గోల్ఫు ఆడుటతో దీనికి గిరాకి హెచ్చెను. ఎన్ని రంగులు కనబడినను ఒక్కొక్క వరుసలో రెండింటికి మించి వాడకుండుట దీని సంప్రదాయము.

చిక్కు ఎచ్చట నున్నది? రెండు చేతులును సూదులను పట్టియే యున్నవి. దారములు రెండు. ఒకటి ఉచ్చు వేయుచుండగా రెండవది వెనుకవైపున సాగుచుండవలెను. ఒకదానిని విడిచి మరియొకదానిని అందుకొనుచు పోయినచో పని నత్తనడక యగును.

కావున దారమున కొక చేయి కేటాయించుట మేలు. నరసాపురపు స్త్రీలు లేసు అల్లునపుడు ఎడమచేతి వ్రేలిపై దారమును బిగించి పట్టుట మీలో కొందఱు చూచియుందురు. అట్లే ఒక వన్నెను ఎడమ చూపుడువ్రేలిపై నుంచి సూదిమొనతో లాగుకొనవలెను. రెండవదానిని కుడివ్రేలితో సూదికి చుట్టవలెను. కొందఱు రెండింటిని ఒకే చేత పట్టుదురు. ఆండీసు పర్వతములందును, పోర్చుగల్లునందును దారమును మెడచుట్టు త్రిప్పి అల్లువారు కలరు. షెట్లండు స్త్రీలు గుఱ్ఱపు వెండ్రుకలు కూరిన తోలుమెత్త గల పటకాను నడుమునకు కట్టి, దాని రంధ్రములో కుడిసూది చివరను గ్రుచ్చుదురు. సూది బరువు పటకా మోయును. కుడిచేయి దారమునకు దక్కును. పూర్వము వారు వీపున బుట్టతో బరువు మోయుచు, నడచుచునే అల్లెడివారు.

ఏ పట్టైనను రెండు నియమములు తప్పరాదు. మొదటిది, దారముల స్థానములను నడుమ మార్చరాదు. వెనుక క్రిందుగా సాగు దారము కొంచెము ఎక్కువ దూరము నడచును గనుక దాని ఉచ్చులు పెద్దవై ఎదుట స్పష్టముగా కనబడును. పువ్వునకు వాడు వన్నెను క్రిందుగా నుంచినచో పువ్వు తేటపడును. నడుమ మార్చినచో అల్లిక యంతయు చారలు పడును.

రెండవది, వెనుక దారమును బిగింపరాదు. అల్లిన వస్త్రము సాగును. వెనుక దారము సాగదు. వన్నె మార్చుటకు ముందు కుడిసూదిపై నున్న ఉచ్చులను చక్కగా విడదీసి పఱచి, పిమ్మట దారమును తేవలెను. అంగుళమునకు మించిన దూరమైనచో నడుమ రెండవ దారముతో నొకసారి పెనవేయవలెను. లేనిచో వ్రేళ్లు తగులుకొనును. ఈ మెలకువ తప్పినచో ఎంత అందమైన టోపియైనను తలకెక్కదు. దినముల కొలది శ్రమ వ్యర్థమగును.

శ్రమ వ్యర్థమగుటకు మరియొక త్రోవయు కలదు. షెట్లండు స్త్రీలు అల్లినదానికి వర్తకులు డబ్బునకు మాఱుగా టీ, గుడ్డ మున్నగు సరకుల నిచ్చెడివారు. దానిపై ప్రభుత్వము విచారణ జరిపింపగా 1872లో నివేదిక వెలువడెను. మన నరసాపురపు లేసు స్త్రీలకు దక్కు కూలి ఎంత స్వల్పమో 1982లో మరియా మీస్ అను విదుషి గ్రంథరూపమున వెల్లడించెను. దారమును బిగింపక వదలక పట్టుట అల్లువారి నేర్పు. ఆ నేర్పునకు తగిన వెల ముట్టునట్లు చూచుట కొనువారి ధర్మము, గ్రామపెద్దల బాధ్యత.