మార్స్ మీద చాకు: సైన్సు కథల్లో నమ్మదగ్గ పనిముట్టు

మోరిస్‌విల్ నుంచి మాట్లాడుతున్నాను. వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. కత్తులు చేసేవాణ్ణీ కాదు, పేరున్న రచయితనీ కాదు. సైన్సు కథలు చదవడం, అప్పుడప్పుడు రాయడానికి ప్రయత్నించడం నా సరదా. ఇవాళ చెప్పబోయేది చిన్న విషయం. మరో గ్రహం మీదో, రాబోయే శతాబ్దంలోనో జరిగే కథలో ఒక పాత్ర చేతికి పది పనులకు పనికొచ్చే చాకు ఇవ్వాలంటే, చదివేవాళ్లు నమ్మేలా దాన్ని ఎలా ఊహించాలి?

చిన్న విషయమే గాని, ఒక్కోసారి కథ నిలబడేదీ కూలబడేదీ దీని దగ్గరే. మా అక్క కొడుక్కి పదమూడేళ్లు. ఇక్కడే పుట్టాడు. తెలుగులో కథ రాసి ప్రతి ఆదివారం ఫోనులో కాకినాడలో ఉన్న అమ్మమ్మకి, అంటే మా అమ్మకి, చదివి వినిపిస్తున్నాడు. కథలో ఒకమ్మాయి మార్స్ మీద దారి తప్పుతుంది. ఆమె దగ్గరున్న చాకు ఇనుము కోస్తుంది, నీళ్లు కనిపెడుతుంది, గాయాలు కుడుతుంది, మనిషితో మాట్లాడుతుంది కూడా. మూడు వారాలు విన్నాక మా అమ్మ ఒకటే అడిగింది: "అన్నీ ఆ కత్తే చేసేస్తుంటే, ఇంక ఆ పిల్లకి పనేముందిరా?" వాడు అక్కడితో రాయడం ఆపేశాడు. "మామయ్యా, ఇప్పుడేం చెయ్యను?" అని నా దగ్గరకొచ్చాడు. నాకు తెలుగు సాహిత్యం అంతగా తెలియకపోయినా, ఆ పిల్లాడు తెలుగులో రాయడం మానేస్తే ఏం పోతుందో తెలుసు. అందుకని ఇద్దరం కూర్చుని చాకుల సంగతి చదవడం మొదలుపెట్టాం.

ముందు అందరికీ తెలిసిన స్విస్ ఆర్మీ చాకునే తీసుకోండి. 1891లో స్విస్ సిపాయిలకు ఇచ్చిన చాకులో ఉన్నవి నాలుగే పనిముట్లు: కోసే బ్లేడు, తోలుకి చిల్లులు పెట్టే సూది, డబ్బా మూత తీసేది, స్క్రూడ్రైవరు. ఎందుకు నాలుగే? సిపాయి డబ్బాల్లో వచ్చిన తిండి తినాలి, అప్పుడే కొత్తగా వచ్చిన తుపాకీని విప్పి శుభ్రం చేసుకోవాలి. అంటే ఆ చాకు చూస్తే ఆ సిపాయి దినచర్య తెలిసిపోతుంది. కార్ల్ ఎల్సెనర్ 1897లో చిన్న బ్లేడు, కార్కు తీసే మెలిక తీగ చేర్చి ఆఫీసర్ల చాకు తయారుచేశాడు. దాన్ని సైన్యం అధికారికంగా ఇవ్వలేదు, ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. సీసాలో వైను తాగే తీరిక ఎవరికి ఉందో చాకే చెబుతోంది చూశారా!

ఆ తర్వాత వంద ఏళ్లకు పైబడి, వెంగర్ అనే మరో స్విస్ కంపెనీ 87 పనిముట్లతో 141 పనులు చేసే చాకు తయారుచేసింది. బరువు కిలో పైనే. జేబులో పట్టదు, చేతిలో ఇమడదు. చూసి ముచ్చటపడటానికి బాగుంటుంది. మావాడి కథలో ఉన్నది సరిగ్గా ఇలాంటిదే.

మా వృత్తిలో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలి అని అడిగితే క్లయింటు పొడుగాటి జాబితా ఇస్తాడు. మీవాళ్లు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఏం చేస్తారు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కథలో చాకుకీ ఇదే ప్రశ్న వెయ్యాలి. "కల్కి 2898 ఏడీ" సినిమాలో నీటికి కటకటలాడే కాశీ చూశారు కదా. అలాంటి ఊళ్లో బతికేవాడి చాకులో మొదట ఉండాల్సింది బ్లేడు కాకపోవచ్చు, పైపు బిగింపు విప్పేదో, నీటి డబ్బా సీలు తీసేదో అయ్యుండాలి.

ఇక అంతరిక్షం సంగతి. అక్కడ చాకుకి నిజంగా పని పడిన సందర్భాలున్నాయి. 1995 నవంబరులో అట్లాంటిస్ షటిల్ రష్యన్ల మీర్ కేంద్రానికి చేరుకున్నప్పుడు, తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. అంత గట్టిగా కట్టి పెట్టారు. చివరికి కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ తన స్విస్ చాకుతో ఆ కట్లు తెంచి లోపలికి దారి చేశాడు. 2018 డిసెంబరులో ఇద్దరు రష్యన్ వ్యోమగాములు సోయుజ్ నౌకకి పడిన చిల్లుని బయటినుంచి పరీక్షించాల్సి వచ్చింది. పైనున్న ఉష్ణకవచాన్ని చాకుతో, కత్తెరతో చీల్చుకుంటూ పోయారు. ఆ నడక ఏడు గంటలు దాటింది. రెండుచోట్లా చేసిన పని ఏమిటి? తెంచడం, చీల్చడం. లేజర్లు లేవు, మాటలు లేవు.

లేజరు గురించి మావాడు గట్టిగా వాదించాడు కాబట్టి లెక్క వేసి చూశాం. ఇనుప రేకు చకచకా కొయ్యాలంటే ఒక కిలోవాట్ లేజరు కావాలనుకుందాం. మూడో వంతు కరెంటే వెలుగుగా మారుతుందనుకుంటే, మిగిలిన రెండు కిలోవాట్లు వేడిగా పిడిలోనే ఉండిపోతాయి. అమెరికాలో మన వంటింట్లో నీళ్లు కాచే ఎలక్ట్రిక్ కెటిల్ 1500 వాట్లు. అంతకంటే ఎక్కువ వేడి అరచేతిలో! పైగా గాలి లేని చోట ఆ వేడి త్వరగా పోదు. "అంటే ఆవిడ చెయ్యి కాలుతుంది" అన్నాడు వాడు, మొహం కాస్త వెలిగింది. అప్పటిదాకా ఆ కథలో ఎవరికీ ఏమీ కాలేదు మరి.

చేతి తొడుగుల మాట కూడా చెప్పాలి. స్పేస్ సూటు తొడుగు లోపల గాలి ఒత్తిడితో ఉబ్బి ఉంటుంది. పిడికిలి బిగించడమే శ్రమ. మడత చాకుకి గోటితో లాగే గాడి ఉంటుంది కదా, అక్కడ అది శుద్ధ దండగ. పైగా పదును అంటే ప్రాణభయం. 2007 ఆగస్టులో రిక్ మాస్ట్రాకియో తొడుగు మీద చిన్న కోత కనబడితే, అతని నడకని ముందుగానే ముగించి లోపలికి పిలిచేశారు. మడతల్లో దూరే దుమ్ము ఇంకో బాధ. చంద్రుడి మీది దుమ్ము గాజు పెంకుల్లా గరుకుగా ఉండి అపోలో యాత్రికుల సూట్లనీ పరికరాలనీ అరగదీసింది. కీలు ఎన్ని ఉంటే అన్ని చోట్ల పట్టేస్తుంది. కనుక అక్కడికి మడత లేని చాకే నయమని నా అభిప్రాయం.

ఇక జారిపోవడం. 2008 నవంబరులో అంతరిక్ష కేంద్రం బయట ఒక వ్యోమగామి చేతిలోంచి పనిముట్ల సంచి మొత్తం తేలిపోయింది. ఏడాది లోపే అది భూమి వాతావరణంలో కాలిపోయింది. అందుకే అక్కడ ప్రతి వస్తువుకీ తాడు ఉంటుంది. మన తెలంగాణలో మోకు వేసుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుడికీ, కోనసీమలో కొబ్బరి దింపేవాళ్లకీ ఇది కొత్త సంగతేం కాదు. చెట్టు మీద కత్తి జారితే మళ్లీ దిగాలి, కింద ఎవరైనా ఉంటే వాళ్ల ప్రాణానికే ముప్పు. కత్తి ఎలా ఉంది అన్నదాని కంటే నడుముకి ఎలా కట్టుకున్నారు అన్నది ముఖ్యం. సైన్సు కథలు రాసేవాళ్లు ఈ ఒర సంగతి దాదాపు పట్టించుకోరు.

అన్నిటికంటే నాకు నచ్చినది కత్తిపీట. మామూలు చాకుతో కాయ కదలకుండా పెట్టి కత్తిని కదిలిస్తాం. కత్తిపీటకి కాలు అదిమిపెట్టి, కత్తిని కదలనివ్వకుండా కాయని కదిలిస్తాం. రెండు చేతులూ కాయ మీదే. కొన్నిటికి కొసన కొబ్బరి కోరాము కూడా ఉంటుంది, అంటే అదీ బహుళప్రయోజన పనిముట్టే! ఇప్పుడు బరువులేని చోట చూడండి. స్క్రూ తిప్పితే స్క్రూకి బదులు మనిషి తిరుగుతాడు. 1966 జూన్‌లో జెమిని 9 నుంచి బయటికి వెళ్లిన యూజీన్ సెర్నాన్ పట్టు దొరక్క అలిసిపోయి, హెల్మెట్ అద్దం మసకబారి, అనుకున్న పని పూర్తిచెయ్యకుండానే లోపలికి వచ్చేశాడు. అదే ఏడాది నవంబరులో జెమిని 12లో బజ్ ఆల్డ్రిన్‌కి కాళ్లు ఇరికించుకునే ఏర్పాటు చేశాక పని సజావుగా సాగింది. అంటే కాలితో అదిమిపట్టడం! నౌక గోడకి బిగించి, పదునుకి మూత పెట్టిన కత్తిపీట ఉంటే, తొడుగుల చేతులతో తాడు, గుడ్డ, గొట్టం ఏదైనా దాని మీదికి లాక్కుని కోసుకోవచ్చు. చేతిలో పదును లేదు కాబట్టి తొడుగుకి ప్రమాదం కాస్త తక్కువ. ఈ మాట చెబితే మావాడు వెంటనే అమ్మమ్మకి ఫోను చేసి, కత్తిపీట మీద కాలు ఎక్కడ పెట్టాలో, పదును పోతే ఎవరు పెడతారో అరగంట అడిగాడు. వాళ్లిద్దరూ కథ కాక వేరే సంగతి అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఇప్పుడు ఆ కథలో మార్స్ అమ్మాయి నడుముకి తాడుతో కట్టిన మొండి చాకు ఒకటి ఉంది, బండి పక్కన బిగించిన కత్తిపీట ఒకటి ఉంది. నీళ్లు ఆ అమ్మాయే వెతుక్కుంటోంది.

ఒకటి మరిచిపోకండి. చాకు ఉండటం వేరు, దాన్ని దగ్గర పెట్టుకోనివ్వడం వేరు. మా ఇంటి పక్కనే ఆర్‌డీయూ విమానాశ్రయం. 2013 మార్చిలో టీఎస్‌ఏ వాళ్లు 2.36 అంగుళాలకి మించని బ్లేడు ఉన్న చిన్న చాకులు విమానంలోకి తీసుకెళ్లవచ్చని ప్రకటించి, విమాన సిబ్బంది ఒప్పుకోక జూన్‌లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఒక్క గోడ అవతల గాలే లేని కాలనీలో చాకు ఎవరి దగ్గర ఉండాలి, రాత్రికి ఎక్కడ అప్పగించాలి, పిల్లలకి ఎన్నో ఏట ఇస్తారు? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు రాసినా ఒక అధ్యాయం అవుతుంది.

పేరు కూడా పెట్టండి. వాడేవాళ్లు దాన్ని మల్టీటూల్ అని పిలవరు, ఏదో ముద్దుపేరు పడుతుంది. మనకి చాకు, మచ్చుకత్తి, కొడవలి, కత్తిపీట అని ఇన్ని మాటలు ఉండనే ఉన్నాయి. మావాడు ఇంకా తేల్చుకోలేదు, "బుడ్డోడు" అని పెడతానంటున్నాడు, వాళ్లమ్మ వద్దంటోంది. మీ ఇళ్లలో పిల్లలు ఇలాంటి కథలు రాస్తుంటే ఈ కార్యక్రమానికి పంపండి, చదివి వినిపిద్దాం.