సముద్రమునకు దూరముగా నున్న చేనుకు తుపాను ముప్పు



తుపాను అనగానే కోస్తా జిల్లాలవారి కష్టమే మనకు జ్ఞాపకము వచ్చును. గోలేటి నుండి కళింగపట్నపు తీరము సుమారు 500 కిలోమీటర్ల దూరము. అంత దూరపు తుపాను మన ప్రత్తి చేనును ఏమి చేయగలదని మీరు అనుకొనవచ్చును. గాలి మాట వేరు, నీటి మాట వేరు. ఈ భేదము తెలిసిన రైతు సగము నష్టమును తప్పించుకొనగలడు.

బంగాళాఖాతములో పైనీరు 26, 27 డిగ్రీల సెంటిగ్రేడును మించి వేడెక్కినపుడు ఆవిరి విస్తారముగా పైకి లేచును. అది చల్లబడి మేఘమగునపుడు తనలోని వేడిని విడుచును. ఆ వేడికి గాలి ఇంకను పైకి పోవును. క్రింద ఏర్పడిన వెలితిలోనికి చుట్టుప్రక్కల గాలి సుడి తిరుగుచు వచ్చును. గాలి వేగము గంటకు 62 కిలోమీటర్లు దాటినచో దానిని తుపాను అని పిలిచి పేరు పెట్టుదురు. ఈ సుడికి సముద్రపు ఆవిరియే మేత. నేల మీదికి రాగానే ఆ మేత తగ్గును, గుట్టలకు చెట్లకు రాచుకొని గాలి వేగమును తగ్గును. కాని మేఘములలోని నీరు ఎక్కడికి పోవును? అది దారి పొడవునను కురియవలసినదే.

2021 సెప్టెంబరులో వచ్చిన గులాబ్ తుపాను ఇందుకు మంచి ఉదాహరణ. 25వ తేదీన తుపానుగా మారి, 26వ తేదీ సాయంకాలము కళింగపట్నమునకు ఉత్తరమున తీరము దాటినది. మరునాడు తెల్లవారుసరికి తీవ్ర వాయుగుండముగా బలహీనపడినది. తుపానుగా దాని ఆయుష్షు రెండు దినములైనను నిండలేదు. అయినను ఆ వాయుగుండము తెలంగాణ మీదుగా విదర్భ, మరాఠ్వాడా వైపు సాగుచు భారీ వర్షములు కురిపించినది. దాని శేషము అరేబియా సముద్రము చేరి, తిరిగి బలము పుంజుకొని, షాహీన్ అను పేరుతో అక్టోబరు 3న ఒమాన్ తీరమును తాకినది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము దగ్గర తీరము దాటిన మొంథా తుపాను కూడ మరునాడు వరంగల్లు ప్రాంతమును ముంచెత్తినది.

ఒక ఎకరము మీద ఒక సెంటీమీటరు వాన కురిసిన 40 వేల లీటర్ల నీరగును. పది సెంటీమీటర్లకు నాలుగు లక్షల లీటర్లు! నల్లరేగడి నేల ఇంత నీటిని త్వరగా ఇంకించుకొనలేదు. నీరు నిలిచినచో వేళ్లకు గాలి అందదు. సెప్టెంబరు చివర ప్రత్తి కాయల బరువుతో ఉండును. చేలో నీరున్నను మొక్క దానిని పీల్చుకొనలేక ఒకటి రెండు దినములలో ఆకులు వాల్చును. దీనిని పురుగు అనుకొని మందు కొని డబ్బు పోగొట్టుకొనవద్దు.

తుపాను తీరము దాటిన వార్త వినగానే మీకు ఇంచుమించు ఒక దినము వ్యవధి ఉన్నదని తెలిసికొనుడు. ఆ దినమున చేయవలసిన పనులివి:

1. చేనుకు పల్లము వైపున గట్టు తెంచి, సాళ్ల మధ్య కాలువలు తీసి వాగు వైపునకు దారి చూపవలెను.
2. ఎరువు వేయుట, మందు చల్లుట ఆపవలెను. అవి నీటి పాలగును.
3. పగిలిన ప్రత్తిని ఏరి పొడిచోట ఆరబోయవలెను. తడి ప్రత్తిని పొడి ప్రత్తిలో కలుపరాదు. తేమ 12 శాతము మించినచో కొనుగోలు కేంద్రములో తీసికొనరు.

ఉపరితల గనుల మట్టిదిబ్బలకు దిగువన పొలములున్నవారు ఒక పని అదనముగా చేయవలెను. వానకు దిబ్బల నుండి జారిన ఒండ్రు కాలువలను పూడ్చును గనుక, వానకు ముందొకసారి, వెలిసిన తరువాత మరొకసారి కాలువలు చూచుకొని పూడిక తీయవలెను.

వాన వెలిసిన పిదప మొదట నీరు తీయవలెను, మందు తరువాత. నేల కొంచెము ఆరిన పిమ్మట లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి, వారము వ్యవధిలో రెండుసార్లు ఆకులపై పిచికారీ చేయవలెను. వాలిన మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి పోయవలెను. వరి కోతదశలో పడిపోయినచో నీరు తీసి, కంకులు మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవలెను.

తుపానును ఆపుట మన చేతిలో లేదు. చేలోని నీటికి దారి చూపుట మాత్రము మన చేతిలో ఉన్నది. ఒక జానెడు లోతు కాలువ, వేళకు తీసినచో, ఏడాది కష్టమును కాపాడును.