కూతకెళ్లేవాడి ఖరీదు

రాజంపేటలో ఏ కుర్రాణ్నడిగినా చెబుతాడు, కబడ్డీ జట్టుకు ప్రాణం కూతకెళ్లేవాడేనని. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ స్థానం క్వార్టర్‌బ్యాక్‌ది. 2022లో రసెల్ విల్సన్ కోసం డెన్వర్ జట్టు ముగ్గురు ఆటగాళ్లనూ, కొత్తవారిని ఎంచుకునే ఐదు అవకాశాలనూ సియాటెల్‌కు ధారపోసింది. రెండేళ్లకే అతణ్ని వదులుకుంది!

మన దగ్గరా అంతే. ప్రొ కబడ్డీలో తమిళ్ తలైవాస్ అదే ఏడాది పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొంది. తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది. సీజనంతా ఆటకు దూరం. మరి ధర పడిపోయిందా? అబ్బే! 2023లో తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసింది. జట్టు మొత్తానికి ఖర్చు పరిమితే 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోతే పట్టు పట్టేవాళ్లకు మిగిలేదెంత? పవన్ పాయింట్లు తెస్తూనే ఉన్నాడు. టైటాన్స్ మాత్రం పట్టికలో అట్టడుగున నిలిచింది.