పదిమంది కలిసి వేసే లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగితే, నా పీజీ చదువులో నాకు బాగా నచ్చిన విషయమే తమ్ముళ్ళకు చెప్పాలనిపించింది. దాని పేరు డిస్ట్రిబ్యూటెడ్ ఎస్‌క్యూఎల్ క్వెరీ ఇంజన్. పేరు పెద్దదే గాని, ఆ పని మన హాస్టల్లో రోజూ జరిగేదే.

కంప్యూటర్లో దాచిన సమాచారాన్ని ప్రశ్న వేసి రాబట్టే భాష ఎస్‌క్యూఎల్. ఫేస్‌బుక్ సంస్థ దగ్గర 2013 నాటికి ఆ సమాచారం 300 పెటాబైట్లు, అంటే సుమారు 30 కోట్ల గిగాబైట్లు దాటింది. అంత సమాచారం ఒక్క యంత్రంలో పట్టదు. అక్కడ వాడే హైవ్ అనే సాఫ్ట్‌వేర్ మధ్యమధ్య ఫలితాలను డిస్కు మీద రాసుకుంటూ పోవడంతో జవాబు ఆలస్యమయ్యేది. అందుకే 2012లో మార్టిన్ ట్రావెర్సో, డేన్ సండ్‌స్ట్రామ్, డేవిడ్ ఫిలిప్స్, ఎరిక్ హ్వాంగ్ కలిసి 'ప్రెస్టో' మొదలుపెట్టారు. 2013 నవంబరులో దాని సోర్సు కోడును అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఇది ఎలా పనిచేస్తుంది? రాత్రి హాజరు గుర్తు తెచ్చుకోండి. సారు గదిగదికీ తిరగరు. ప్రతి గది లీడరూ తన గది లెక్క తెస్తాడు, సారు కూడుకుంటారు. ప్రెస్టోలో సారు స్థానం 'కోఆర్డినేటర్'ది, లీడర్ల స్థానం 'వర్కర్ల'ది. కోఆర్డినేటర్ ప్రశ్నను ముక్కలు చేసి పంచుతుంది. వర్కర్లు అన్నీ ఒకేసారి పనిచేసి, వచ్చిన ఫలితాలను మెమరీలోంచే ముందుకు అందిస్తాయి. ప్రెస్టో సమాచారాన్ని తన దగ్గర దాచుకోదు. 'కనెక్టర్ల' ద్వారా ఎక్కడున్నది అక్కడి నుంచే చదువుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. మొదట్లో నేనూ అక్కడే తప్పు చేశాను. ఒక గదిలో 10 మంది, సగటు మార్కులు 60. ఇంకో గదిలో 30 మంది, సగటు 40. మొత్తం సగటు 50 అంటారా? కాదు. 600, 1200 కలిపితే 1800. దాన్ని 40 మందికి పంచితే 45. అందుకే వర్కర్ తన సగటును పంపదు. మొత్తం ఎంత, ఎంతమంది అన్న రెండు అంకెలూ పంపుతుంది. పని పంచుకోవడం తేలికే, సరిగ్గా కలపడమే అసలు విద్య.

లోపమూ ఉండేది. మధ్యలో ఒక్క వర్కర్ ఆగిపోతే ప్రశ్న మొత్తం మళ్ళీ వేయాల్సివచ్చేది. మొదలుపెట్టినవారు 2018లో ఫేస్‌బుక్ నుంచి బయటకొచ్చి, అదే కోడుతో విడిగా పని కొనసాగించారు. 'ప్రెస్టో' అనే పేరు వాడుకునే హక్కు లేకపోవడంతో 2020 డిసెంబరులో దానికి 'ట్రినో' అని పేరు పెట్టుకున్నారు. ఆగిన ముక్కను మాత్రమే మళ్ళీ చేసుకునే ఏర్పాటు 2022లో ట్రినోకు వచ్చింది. పేరు పోయినా పని ఆగలేదు, ఎందుకంటే కోడు అందరిదీ.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. పుస్తకం కొనాలంటే నాలుగుసార్లు ఆలోచించేవాళ్ళం. ఈ కోడు చదవడానికి మాత్రం ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు. జావా నేర్చుకున్న తమ్ముళ్ళు ల్యాబులో గంట దొరికినప్పుడు తెరిచి చూడండి. మొదటిరోజు ఏమీ అర్థం కాదు, నాకూ కాలేదు. అయినా వదలకండి.